పట్టా చేతికొచ్చాక వేదిక ఎక్కడ?

"నాటకాలకు కూడా డిగ్రీ ఉంటుందా?" అన్న మాట తెలుగు ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. దాని వెనకే "అది చదివితే ఉద్యోగం ఏమొస్తుంది?" అన్నది వస్తుంది. విశ్వవిద్యాలయాల్లోని రంగస్థల శాఖల మీద ఏళ్ల తరబడి సాగుతున్న వాదం వింటే మూడు వేరు వేరు తగాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయని తెలుస్తుంది. నటన ఒకరు నేర్పితే వచ్చేదేనా అన్నది ఒకటి. నేర్పగలిగినా అది విశ్వవిద్యాలయం చేయాల్సిన పనా, ప్రత్యేక శిక్షణాలయం చేయాల్సిన పనా అన్నది రెండోది. నేర్చుకున్నవాళ్లకు అన్నం ఎక్కడ దొరుకుతుందన్నది మూడోది. ఉద్యోగాలు లేవని చూపించి, అసలు నాటకం చదువే దండగ అనేవాళ్లు మొదటిదాన్నీ మూడోదాన్నీ ముడేశారు. గొప్ప నటుల పేర్లు నాలుగు చదివి, చూశారా చదువు మహిమ అనేవాళ్లు చేసిందీ అదే. ముడి విప్పి చూస్తే గానీ ఎవరి మాటలో ఎంత నిజముందో తెలియదు.

బడి కన్నా ముందే రంగం

తెలుగు నాటకం బడికి వెళ్లి పెరిగింది కాదు. అయినా దాని పుట్టుకలో మాత్రం బడి ఉంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం వేయించారు. ఆధునిక తెలుగు రంగస్థలానికి తొలి ప్రదర్శనగా చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది దాన్నే. ఆ తర్వాత నాటకం పంతుళ్ల చేతుల్లోంచి సమాజాల చేతుల్లోకి వెళ్లింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలుపెట్టిన వనారస వారి కుటుంబం నాటకాన్నే ఇంటి వృత్తి చేసుకుంది. అక్కడ ప్రవేశ పరీక్షలు లేవు. చంకలో ఉన్నప్పుడే పసిపిల్ల రంగం మీదికి వస్తుంది. నడక వచ్చాక బాలకృష్ణుడవుతుంది. గొంతు కుదురుకునే సరికి పద్యాలూ, తెర వెనక తాళ్లు లాగే పనీ రెండూ వచ్చేసి ఉంటాయి. ఇంకో వైపు బళ్లారి రాఘవ లాంటి మహానటుడు వృత్తికి వకీలు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీల సంప్రదాయానికి బాట వేసింది. గుమాస్తాలు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు పగలు కొలువు చేసి రాత్రి రిహార్సల్ చేసే పద్ధతి అక్కడి నుంచే స్థిరపడింది.

విశ్వవిద్యాలయం ఈ కథలోకి పక్క గుమ్మం గుండా వచ్చింది. 1940లలో విశాఖలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి ప్రయోగ నాటకాలకు ఊతమిచ్చారు, కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించారు. విశాఖ క్యాంపస్‌లో నాటకం అప్పటికింకా చదువు కాదు. సాయంత్రం పూట విద్యార్థుల ఉత్సాహం మాత్రమే. అది శాఖగా, సిలబస్‌గా, మార్కుల జాబితాగా మారడానికి మరికొంత కాలం పట్టింది. ఉస్మానియాలో ఇంగ్లీషు ఆచార్యుడైన మొదలి నాగభూషణశర్మ నాటక బోధనకూ, నాటక చరిత్ర రచనకూ జీవితం పెట్టారు. పి.ఎస్.ఆర్. అప్పారావు 'తెలుగు నాటక వికాసము' పరిశోధనగా మొదలై ఆ రంగానికి ఆధార గ్రంథమైంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరున కళల స్కూలు వచ్చాయి. దాంతో ఎం.పి.ఎ. అనే పట్టా, అంటే ప్రదర్శన కళల్లో మాస్టర్స్, తెలుగు నేల మీద మామూలు మాట అయింది.

ఇదంతా మన ఒక్కరి కథే అనుకోనక్కర్లేదు. అమెరికాలో నాటకానికి డిగ్రీ ఇచ్చిన మొదటి సంస్థ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్. ఆ ఏడాది 1914. హార్వర్డ్‌లో నాటక రచన నేర్పుతున్న జార్జ్ పియర్స్ బేకర్ అక్కడ తగిన చోటు దొరక్క 1925లో యేల్‌కు వెళ్లిపోయారు. షేక్‌స్పియర్ పుట్టిన దేశంలో తొలి డ్రామా శాఖ 1947లో గానీ రాలేదు, అదీ బ్రిస్టల్‌లో. నాటకాన్ని సాహిత్యంగా చదవడానికి ఏ విశ్వవిద్యాలయానికీ అభ్యంతరం ఉండేది కాదు. అదే నాటకాన్ని వేసి చదువుతామంటే మాత్రం అందరికీ గొంతులో వెలక్కాయ పడేది.

ఎన్ఎస్‌డీ వద్దన్న హోదా

శిక్షణాలయమా, విశ్వవిద్యాలయమా అన్న రెండో తగాదాకు భారతదేశంలో ఒక మంచి సాక్ష్యం ఉంది. 1959లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను (ఎన్ఎస్‌డీ) పెట్టింది. 1962 నుంచి 1977 దాకా దాన్ని నడిపిన ఇబ్రహీం అల్కాజీ లండన్‌లోని రాడా అనే నాటక శిక్షణాలయంలో చదివి వచ్చినవారు. మూడేళ్ల చదువు, తక్కువ సీట్లు, స్టైపెండు, పొద్దుటి నుంచి రాత్రి దాకా పని. అల్కాజీ కట్టిన ఆ దినచర్యే తర్వాత దేశంలోని నాటక బడులన్నిటికీ కొలబద్ద అయింది. 2005లో ఆ సంస్థకు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా ఇచ్చారు. మామూలుగా ఏ సంస్థయినా ఎగిరి గంతేసే హోదా అది. ఎన్ఎస్‌డీ మాత్రం తనకు వద్దని అడిగి మరీ 2011లో దాన్ని తీయించుకుంది. యూజీసీ చట్రంలో పడితే సిలబస్, నియామకాలు, పరీక్షలు వగైరా తమ చేతుల్లోంచి జారిపోతాయనీ, గురువు పక్కన నిలబడి నేర్చుకునే పని పేపర్లలోకి మారిపోతుందనీ అక్కడివాళ్ల భయం.

ఈ ఉదంతాన్ని శిక్షణాలయ పక్షం గట్టిగా పట్టుకుంటుంది. నటుడి శరీరం, గొంతు సెమిస్టరు లెక్కన పక్వానికి రావని వాళ్లంటారు. డెబ్బై అయిదు శాతం హాజరుకూ నటనకూ సంబంధం లేదంటారు. యాభై నిమిషాల పీరియడ్ ముగిసేసరికి ఒళ్లు వేడెక్కడం కూడా పూర్తికాదంటారు. మాటలో పస ఉంది.

అవతలి పక్షం మాటలోనూ ఉంది. బరోడా, కోల్‌కతాలోని రవీంద్ర భారతి, 1972లో బల్వంత్ గార్గీ మొదలుపెట్టిన చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయ శాఖ, 1977లో జి.శంకర పిళ్లై త్రిశ్శూరులో నిలబెట్టిన కాలికట్ విశ్వవిద్యాలయ స్కూల్ ఆఫ్ డ్రామా, ఇవన్నీ విశ్వవిద్యాలయం గొడుగు కిందే పనిచేశాయి. తమ తమ భాషల రంగస్థలాలకు మనుషులనూ ఇచ్చాయి. ఢిల్లీలో కొద్దిమందికి సీటు దొరికితే మిగతా దేశమంతా ఏం కావాలి? హిందీలో నాటకం నేర్చుకున్న శ్రీకాకుళం పిల్లవాడు తిరిగి వచ్చి తెలుగు పలుకును మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా? ప్రాంతీయ శాఖల పక్షాన ఇవి బలమైన ప్రశ్నలు.

ఎవరి పట్టు దేని మీద

ఇప్పుడు చర్చలో వినిపించే గొంతుల్లో శిక్షణాలయ వాదులది ఒకటి. రెండోది పరిశోధన పక్షం. నాటకమంటే వేషం వేయడం ఒక్కటే కాదని, యక్షగానం నుంచి ఎన్నికల సభ దాకా మనుషులు పదిమంది ముందు చేసే ప్రతి ప్రదర్శనా చదవదగ్గదేనని వీళ్ల వాదం. 1980లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం రిచర్డ్ షెక్నర్ వంటివారి చొరవతో ప్రదర్శన అధ్యయనానికి విడిగా శాఖ పెట్టాక ఈ ధోరణికి ఊపు వచ్చింది. తోలుబొమ్మలాట, చిందు భాగోతం, వీధినాటకం మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో కొన్ని లేకపోతే ఆ కళారూపాల వివరాలు వాటి కళాకారులతోనే పోయేవి. అయితే వాటిలో చాలావాటికి పూర్వపు పుస్తకాల నుంచి ఎత్తిరాసిన పీఠికే సగం బరువు. ఆ సంగతి ఆ పక్షం వాళ్లే ఒప్పుకుంటారు.

మూడో గొంతు నాటకాన్ని పనిముట్టుగా చూసేది. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోల్ పీడితుల రంగస్థలం, మనకు బాగా తెలిసిన 1943 నాటి ప్రజానాట్యమండలి, బడిపిల్లలతో వర్క్‌షాపులు, జైళ్లలో, ఆసుపత్రుల్లో నాటకం, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. నటుణ్ని తయారు చేయడం కన్నా మనుషుల మధ్య మాట కలపగల మనిషిని తయారు చేయడం విశ్వవిద్యాలయానికి తగిన పని అని వీళ్లంటారు.

నాలుగో గొంతుకు పత్రాలు సమర్పించే అలవాటు లేదు గానీ, బలం దానిదే. పరిషత్తు నాటకాలవాళ్లు, పద్యనాటకం వాళ్లు, సురభి వాళ్లు కలిసి అనేదేమిటంటే, రంగమే బడి, ప్రేక్షకుడే పరీక్షాధికారి. శాఖల్లో వేసే నాటకాలకు శాఖల వాళ్లే ప్రేక్షకులని వాళ్ల ఎత్తిపొడుపు. గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల పరిషత్తుల్లో గంటసేపటి నాటికకు వందలమంది కదలకుండా కూర్చుంటారు. అదే సాయంత్రం క్యాంపస్‌లో ఒక అనువాద నాటకానికి వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ ఎత్తిపొడుపుకు శాఖల దగ్గర ఇప్పటికీ సరైన సమాధానం లేదు. శాఖలవాళ్లిచ్చే ఎదురుదెబ్బకు మాత్రం వాడి ఉంది. పరిషత్తు నాటిక ముప్పై ఏళ్లుగా అదే సోఫా సెట్టు, అదే కన్నీటి పతాక సన్నివేశం, న్యాయనిర్ణేతల వైపు తిరిగి చెప్పే అదే డైలాగుల మీద నడుస్తోందని వాళ్లంటారు. ఇక కాంట్రాక్టు పద్యనాటకంలో కృష్ణుడొక ఊరి నుంచి, అర్జునుడింకో ఊరి నుంచి దిగి, కలిసి ఒక్క రిహార్సల్ కూడా లేకుండా రాగాల పోటీ పెట్టుకుని వెళ్లిపోయే రోజులను ఎవరూ మరిచిపోలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే శిక్షణాలయ పక్షం నైపుణ్యాన్ని కొలుస్తుంది, పరిశోధన పక్షం జ్ఞానాన్ని, మూడోది సమాజంలో ప్రయోజనాన్ని, నాలుగోది చప్పట్లను. కొలిచే కర్రలే వేరైనప్పుడు ఎవరు గెలిచారో చెప్పడం కుదరదు. ఈ గొంతులు రెండు ఒకచోట కలిసిన సందర్భాలూ లేకపోలేదు. 1990లలో ఎన్ఎస్‌డీలో చదివిన కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ సురభి కళాకారులతో 'భీష్మ', 'చండీప్రియ', బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. ఎన్ఎస్‌డీ చదువు, అయిదు తరాల ఇంటి విద్య ఒకే తెర ముందు నిలబడ్డాయి. అలాంటి ప్రయత్నం మళ్లీ మళ్లీ జరగకపోవడమే విచారం.

గదిలో జరిగేదేమిటి

బయట నుంచి చూసేవాళ్లకు నాటకం చదువంటే నటన క్లాసు. ఎం.పి.ఎ. విద్యార్థి ఒక ప్రొడక్షన్‌లో చేసే పని దగ్గరగా చూస్తే బొమ్మ మారుతుంది. నాటకం ఎంచుకున్నాక ముందు విశ్లేషణ: ఏ పాత్రకు ఏం కావాలి, ఏది అడ్డొస్తోంది. తర్వాత గ్రౌండ్ ప్లాన్. రంగం మీద తలుపు ఎక్కడ, మంచం ఎక్కడ, నటుడు ఎటు నుంచి వస్తే ముఖం ప్రేక్షకుడికి కనబడుతుంది. అట్టముక్కలతో సెట్టు నమూనా. ఆపైన బ్లాకింగ్, అంటే ఏ మాట దగ్గర ఎవరు ఎక్కడికి కదలాలో పెన్సిల్‌తో స్క్రిప్టు అంచున రాసుకోవడం. చివరి వారంలో లైట్లు. ఏ లైటు ఏ కోణం నుంచి, దానికి ఏ రంగు కాగితం, ఎన్నో డైలాగుకు ఎంత వెలుగు, ఎన్ని సెకన్లలో తగ్గాలి అన్నదంతా క్యూ షీటు మీద ఎక్కుతుంది. ఒక నాటకంలో నాయకుడి వేషం కట్టినవాడు ఇంకో నాటకంలో ఆ షీటు ముందేసుకుని డిమ్మర్ల దగ్గర కూర్చుంటాడు. మూడో నాటకంలో ఇస్త్రీ చేసిన దుస్తులు లెక్కపెట్టి అందిస్తాడు. చిన్న బడ్జెట్టు, కదలని తేదీ, అలిగే మనుషులు, ఆఖరి గంటలో కరెంటు పోవడం, ఇవన్నీ మార్కులు లేని పేపర్లు.

దీనికి తోడు భరతుడి నాట్యశాస్త్రం, స్తానిస్లావ్‌స్కీ, బ్రెహ్ట్, తెలుగు నాటక చరిత్ర ఉంటాయి. ఆడపిల్లలకు ఈ గది ఇచ్చినంత చోటు తెలుగు రంగస్థలం మరెక్కడా ఇవ్వలేదన్నది కూడా చెప్పుకోవాలి. స్థానం నరసింహారావు చీరకట్టి రంగాన్ని ఏలిన కాలం పోయినా, పరిషత్తు నాటకాల్లో నటి ఇప్పటికీ రిహార్సల్‌కింత, ప్రదర్శనకింత అని సమాజం నుంచి సమాజానికి తిరిగే పరిస్థితే ఎక్కువ. దర్శకురాలిగా ఆమెకు నాటకం అప్పగించేది ఎక్కువగా విశ్వవిద్యాలయమే.

దారులు, పక్కదారులు

చదివినవాళ్లు ఎక్కడికి వెళ్తారంటే అందరి నోటా ముందొచ్చేది సినిమా. నసీరుద్దీన్ షా, ఓం పురి, ఇర్ఫాన్ ఖాన్ అంటూ ఎన్ఎస్‌డీ పేర్ల జపం మొదలవుతుంది. తెలుగులో షఫీ పేరు చేరుతుంది. ఆ జపంలో కాలం లెక్క ఎవరూ చెప్పరు. నవాజుద్దీన్ సిద్దిఖీ ఎన్ఎస్‌డీ నుంచి బయటపడింది 1996లో, దేశం ఆయన్ను గుర్తుపట్టింది 2012 ప్రాంతంలో. మధ్యలో పదహారేళ్లు. పంకజ్ త్రిపాఠి 2004లో బయటికొస్తే ఆయనకూ ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఏళ్లలో వెనక్కి తిరిగిపోయినవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. ఓటీటీ వచ్చాక చిన్న పాత్రలకు నటన వచ్చినవాళ్లు కావాల్సి వస్తోంది. నటన శిక్షకులు, డబ్బింగ్, కాస్టింగ్, సహాయ దర్శకత్వం వంటి పనుల్లోనూ నాటకం చదివినవాళ్లు కనిపిస్తారు. కానీ ఇదంతా పట్టా చూసి ఇచ్చే పని కాదు, పరిచయం చూసి ఇచ్చేది. ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్లు లక్షల ఫీజుతో అమ్మేది ఆ పరిచయాల మీద ఆశనే.

రెండో దారి బోధన. యూజీసీ నెట్‌లో రంగస్థలానికి విడిగా పేపరు లేదు, నృత్యం, నాటకం కలిపి ఒకే సబ్జెక్టు. స్తానిస్లావ్‌స్కీ మీద పట్టున్నవాడు కథక్ ఘరానాలు కూడా చదువుకోవాలి. జేఆర్ఎఫ్ అనే పరిశోధన వేతనం వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. నాటకం చదివిన పిల్లవాడి ఇంట్లో మొదటిసారి గౌరవం దొరికేది చాలాసార్లు ఈ అంకె వల్లే. పరిశోధన మీద ఇష్టం లేనివాళ్లు కూడా పీహెచ్‌డీలో చేరడానికి కారణమూ అదే. పరిశోధన పక్షానికి ఇది నచ్చని నిజం.

మిగతావి చిన్న దారులు. ఈవెంట్లకు లైటింగ్, కార్పొరేట్ శిక్షణ, స్వచ్ఛంద సంస్థల వీధినాటకాలు, కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు మీద నడిచే బృందాలు. హైదరాబాద్‌లో లామకాన్ లాంటి వేదికలు, సూత్రధార్, నిశుంభిత, సమాహార లాంటి బృందాలు కొంత ఊపిరి పోస్తున్నాయి. వీటితో కుటుంబం నడిపేవాళ్లు తక్కువ. నడుపుతున్నవాళ్లు మాత్రం మూడు నాలుగు పనులు కలిపి చేసేవాళ్లే.

తుంగభద్ర అవతల

మూడో తగాదా దగ్గర ఈ వ్యాసకర్త ఒక పక్షం తీసుకోక తప్పదు. ఉద్యోగాలు రాకపోవడానికి తప్పు శాఖలదే అనడం సగం నిజం. పక్క రాష్ట్రాన్ని చూడండి. కర్ణాటకలో హెగ్గోడు అనే పల్లెలో కె.వి.సుబ్బణ్ణ బృందం 1949లో మొదలుపెట్టిన నీనాసం 1980లో నాటక శిక్షణ కేంద్రం తెరిచింది. అయిదేళ్లు తిరక్కుండా 1985లో 'తిరుగాట' అనే సంచార నాటక బృందాన్ని కట్టింది. అక్కడ నేర్చుకున్నవాళ్లకు ఆ బృందంలో ఊరూరా తిరిగి ఆడే అవకాశం దొరికింది. 1989లో కారంత్ నాయకత్వంలో మైసూరులో రంగాయణం వచ్చింది. నటుడికి నెల జీతం ఇచ్చే ప్రభుత్వ రెపర్టరీ అది, తర్వాత మరికొన్ని పట్టణాలకూ విస్తరించింది. కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో నాటక ఉపాధ్యాయులనూ నియమించారు. నేర్చుకోవడం, ఆడటం, నేర్పడం అనే గొలుసులో లంకెలన్నీ అక్కడ ఎంతో కొంత ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నీనాసం విశ్వవిద్యాలయం కాదు. శిక్షణాలయ వాదులు దీన్ని తమ ఖాతాలో వేసుకోవచ్చు. కానీ కన్నడ నాటకాన్ని నిలబెట్టింది శిక్షణ ఒక్కటే కాదు, శిక్షణ తర్వాతి మెట్టు కూడా. తెలుగు రాష్ట్రాల్లో చదువు చెప్పే శాఖలున్నాయి, కొద్దిపాటి పోటీల బహుమతులున్నాయి, 1998 నుంచి నంది నాటకోత్సవాలు చూశాం. రంగాయణం స్థాయిలో జీతమిచ్చే రెపర్టరీ లేదు. తెలంగాణ ఏర్పడ్డాక సాంస్కృతిక సారథి పేరున 550 మంది కళాకారులకు జీతాలిచ్చి ఉద్యోగాలిచ్చారు. కళాకారుణ్ని ప్రభుత్వం పోషించగలదని అది రుజువు చేసింది. అయితే అక్కడ పెద్దపీట పాటకు, పథకాల ప్రచారానికి. ఏడాది పొడవునా నాటకాలు తయారు చేసి జిల్లాలు తిరిగే బృందం అది కాదు. పట్టా పుచ్చుకున్న విద్యార్థి కిందకు దిగితే పరిషత్తు, పైకెక్కితే సినిమా. మధ్య మెట్టు లేదు. మెట్టు కట్టాల్సింది విశ్వవిద్యాలయం కాదు, ప్రభుత్వం, పురపాలక సంఘాలు, డబ్బున్న సంస్థలు. విశ్వవిద్యాలయాల తప్పు వేరే ఉంది. పరిషత్తు ప్రేక్షకుణ్ని అవి ఎన్నడూ తమవాడనుకోలేదు.

నాటకం చదువుకు డబ్బు పెట్టే విషయంలో డబ్బున్న దేశాల్లోనూ ఒక మాట లేదు. 2021లో ఇంగ్లండ్‌లో కళల కోర్సులకు విద్యార్థికింత అని ఇచ్చే అదనపు గ్రాంటును సగానికి కోశారు. అదే ఏడాది అమెరికాలో డేవిడ్ గెఫెన్ 15 కోట్ల డాలర్ల విరాళమిస్తే యేల్ డ్రామా స్కూల్లో ఫీజే ఎత్తేశారు.

ఇంకా తేలనివి

ఎవరు నేర్పాలన్నది మొదటి చిక్కు. 2018 యూజీసీ నిబంధనలు నాటక శాఖలో పీహెచ్‌డీ, నెట్ లేకపోయినా పేరున్న వృత్తి కళాకారుణ్ని సహాయ ఆచార్యుడిగా తీసుకునే వీలిచ్చాయి. 2022లో అనుభవజ్ఞులను 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతానికి మించకుండా తీసుకోవచ్చన్నారు. కాగితం మీద దారి తెరుచుకుంది. ఆ దారిన ఒక సురభి నటి, ఒక బుర్రకథకుడు, ముప్పై ఏళ్లు లైట్లు వేసిన ఒక సాంకేతిక నిపుణుడు తరగతి గదిలోకి రాగలరా అన్నది చూడాలి. 2018 నిబంధన డిగ్రీ ఉన్న కళాకారుణ్నే ఊహించుకుంది.

భాష మరో చిక్కు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దేశం నలుమూలల పిల్లలుంటారు కాబట్టి హిందీ, ఇంగ్లీషు, తెలుగు కలగలిసిన గది అది. తెలుగు విశ్వవిద్యాలయంలో ఇల్లంతా తెలుగే. మొదటిచోట చూపు విశాలమవుతుంది, రెండోచోట పలుకు గట్టిపడుతుంది. రెండూ ఉన్న పాఠ్యక్రమం ఇంకా రాలేదు.

అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న ప్రశ్న బడులది. జాతీయ విద్యా విధానం 2020 తర్వాత కళలు పాఠ్యాంశాల్లో భాగమయ్యాయి. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి తెచ్చిన 'కృతి' పుస్తకంలో చిత్రకళ, సంగీతం, నృత్యంతో పాటు నాటకమూ ఉంది. పుస్తకం వచ్చింది సరే, పాఠం చెప్పేది ఎవరు? డ్రాయింగు మాస్టారికో, తెలుగు పంతులికో అప్పగిస్తారా, లేక నాటకం చదివినవాళ్లకు పోస్టులిస్తారా? ఇస్తే ఎం.పి.ఎ. చాలా, బి.ఇడి. కూడా కావాలా? బి.ఇడి.లో నాటకానికి మెథడాలజీ లేదు గనక, ఆ పట్టా కోసం వీళ్లు ఏ సబ్జెక్టు కింద చేరాలి? రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉపాధ్యాయ నియామక ప్రకటనలో నాటకం అనే గడి పెట్టాలంటే ముందు విద్యాశాఖ ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. అది అడగాల్సిన మొదటివాళ్లు రంగస్థల శాఖల వాళ్లే.